మెట్లెక్కితే వచ్చే గ్యాస్

గ్యాస్ బండలు మోసేవాడికి గ్యాస్ పట్టక ఇంకేం పడుతుంది? ఆ ఇంట్లో అదో అరిగిపోయిన జోకు. మొదట అన్నది అతనే. తర్వాత అన్నగారు అన్నారు, వదినగారు అంది, చివరికి వీధిలో వాళ్లు కూడా అందుకున్నారు. ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని రుద్దుకుంటూ కనిపిస్తే చాలు, "ఏం బండబ్బాయ్, లీకవుతోందా?" అనేవాళ్లు. అతనూ నవ్వేసి, బలవంతాన ఒక త్రేన్పు తెచ్చుకుని, మళ్లీ సిలిండర్ భుజానికెత్తుకునేవాడు. నలభై దాటిన మనిషిని ఇంకా బండబ్బాయి అనే పిలుస్తారు. అతనికీ ఆ పిలుపంటే ఇష్టమే.

ఆ జోకుకి అతని భార్య నవ్వడం మానేసింది మాత్రం ఆసుపత్రిలో దాతల నర్సు వాళ్లిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకున్న రోజునుంచి.

చిన్న గది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకి నిలువునా చీల్చిన ఎముక బొమ్మ. నర్సు యాభై దాటిన మనిషి. కళ్లద్దాలు ముక్కు చివరికి జారతాయి గానీ మాట ఎక్కడా జారదు.

"మీ అన్నగారి ఎముకల్లో మూలుగ పాడైపోయింది. రక్తం తయారయ్యేది అక్కడే. ఆ రక్తానికి విత్తనాల్లాంటివి మూలకణాలు. మీవి తీసి ఆయనకి ఎక్కిస్తాం."

"ఎముక కోస్తారాండీ?" అని అడిగింది అతని భార్య. ఆ ఇంటి చిన్నకోడలు ఆమె. టైలరు కొట్లో కాజాలు కుడుతుంది. కత్తిరింపులూ కుట్లూ ఆమెకి కొత్త కాదు. అవి మనిషి ఒంటిమీద అంటేనే కాళ్లు చల్లబడ్డాయి.

"ఏమీ కొయ్యం తల్లీ. శనివారం నుంచి రోజూ ఒక సూది వేస్తాం. దాంతో ఈ విత్తనాలు ఎముకల్లోంచి రక్తంలోకి వచ్చేస్తాయి. తర్వాత మిషన్ పక్కన పడుకోబెడతాం. ఈ చేతిలోంచి రక్తం మిషన్లోకి వెళ్తుంది, అది విత్తనాల్ని వడకట్టుకుని, మిగతాది ఆ చేతిలోకి పంపేస్తుంది. నాలుగైదు గంటలు పడుతుంది. ముక్కు దురదపెట్టినా గోక్కోవడానికి ఉండదు, అంతే."

"ముక్కు ఇది గోకుతుందిలెండి," అన్నాడు బండబ్బాయి భార్యని చూపించి. నర్సు నవ్వింది.

తర్వాత నవ్వు ఆపేసింది. "ఒకటి మాత్రం బాగా వినండి. మీ అన్నగారికి గురువారం పొద్దున పెద్ద మందు మొదలుపెడతారు. అది ఉన్న మూలుగనంతా చంపేస్తుంది. పాత ఇల్లు పడగొట్టినట్టే. ఆ తర్వాత కొత్తది కట్టకపోతే ఆయన బతకరు. కాబట్టి మీకేదైనా అనుమానం ఉన్నా, భయం ఉన్నా, గురువారం లోపే చెప్పాలి. మీ అన్నగారి డాక్టరు వేరు. నేను దాతల్ని చూసుకునే నర్సుని, మీ మనిషిని. నాకు చెప్తే మీ పేరు బయటికి రాదు."

"భయమా? నాకా?"

ఆమె కాగితం తీసి అడగడం మొదలుపెట్టింది. బీపీ ఉందా, లేదండీ. షుగరు, లేదండీ. కామెర్లు ఎప్పుడైనా, చిన్నప్పుడండీ. గుండెల్లో నొప్పి, ఆయాసం?

"అబ్బే! నాలుగంతస్తులు బండ మోస్తానండీ నేను."

గుండె పరీక్ష తాలూకు గీతలు కూడా బాగానే ఉన్నాయని నర్సు తలూపి టిక్కు పెట్టింది. అతను అబద్ధమాడాడని ఎవరూ అనలేరు. ఆవిడ అడిగింది నొప్పి గురించి. అతనికి వచ్చేది గ్యాస్.

బావగారి గది మూడో అంతస్తులో. లిఫ్టు దగ్గర స్ట్రెచర్లు ఆగి ఉన్నాయి. "మనకెందుకు లిఫ్టు" అంటూ అతను మెట్లెక్కాడు. చిన్నకోడలు వెనకాలే వెళ్లింది. రెండో అంతస్తు మలుపులో అతను ఆగిపోయాడు. ఎడమచెయ్యి కమ్మీ పట్టుకుంది. కుడి అరచెయ్యి ఛాతీ మీదికి వెళ్లి, అటూ ఇటూ రుద్దింది. చెవి వెనకనుంచి చెమట చొక్కా కాలరులోకి దిగుతోంది. ఈ దృశ్యం ఆమె ఏడాదిగా చూస్తూనే ఉంది, చూసి సోడా తెప్పిస్తూనే ఉంది. కానీ ఇవాళ చెవుల్లో నర్సు గొంతు ఇంకా ఉంది. గుండెల్లో నొప్పి, ఆయాసం?

"ఏవండీ."

"గ్యాసే. పొద్దున్నుంచీ ఏం తినలేదుగా." మెట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి మొహానికి రంగు తిరిగొచ్చింది. "చూశావా, పోయింది."

"ఆవిడకి చెబుదామండీ. కింద గదిలోనే ఉంటుంది కదా, ఒక్క మాట..."

"ఏమని? మా ఆయనకి త్రేన్పులు రావట్లేదనా?"

"నవ్వులాట కాదండీ. కూర్చుంటే తగ్గుతోంది. మెట్లెక్కితేనే వస్తోంది. కడుపులో గ్యాస్‌కి మెట్లతో ఏం పనండీ?"

అతను లేచి ఆమె దగ్గరికి ఒక మెట్టు దిగాడు. ఇప్పుడు మొహంలో నవ్వు లేదు. "చూడు. రక్తపరీక్షల్లో అన్నయ్యతో నేను పూర్తిగా కలిశాను. అన్నయ్య కూతురు సగమే కలిసింది. నన్ను తీసేస్తే ఆ పిల్లని పడుకోబెడతారు. అదీ కుదరకపోతే అన్నయ్య పోతాడు. నీ గ్యాస్ సంగతి అన్నయ్య ప్రాణం కంటే ఎక్కువా?"

"నా గ్యాస్ కాదండీ, మీది..."

"ఎవరితోనైనా అన్నావో, నా మీద ఒట్టే."

ఆ మాట అనేసి పైకి వెళ్లిపోయాడు. ఆమె అక్కడే నిలబడిపోయింది. ఒట్టు తప్పితే మొగుడికి కీడు, తప్పకపోతే మొగుడికి కీడు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అది మెట్ల మధ్యలోనే ఉంటుందని ఆమెకి ఆ రోజే తెలిసింది.

పైన గదిలో బావగారు దిండుకి ఆనుకుని ఉన్నారు. డ్రాయింగు మాస్టారు ఆయన. జుట్టు ఊడిపోయిన తలని నిమురుకుంటూ తమ్ముణ్ణి చూడగానే నవ్వారు. "ఏరా బండా, నీ రక్తం ఎక్కితే నేనూ సిలిండర్లు మొయ్యాలేమోరా."

"నీకు ఖాళీవి ఇస్తాలే అన్నయ్యా."

ఇద్దరూ నవ్వుకున్నారు. బావగారి చిగుళ్ల మీద నల్లటి మచ్చలు కనిపించాయి. చిన్నకోడలు కిటికీ వైపు తిరిగింది. ఇంత మంచి మనిషి దగ్గరా నేను రహస్యం దాచాల్సింది, చెప్పేసి ఇంత మంచి మనిషినా చంపుకోవాల్సింది అనుకుంది. దాచాలో చెప్పాలో తేలలేదు.

ఆ సాయంత్రం పెద్దకోడలు స్వయంగా వాళ్ల ఇంటికి వచ్చింది. చేతిలో పాలపొడి డబ్బా, కోడిగుడ్ల అట్ట. ఇన్నేళ్లలో తోడికోడల్ని చూసి పెద్దకోడలు నవ్వని రోజు లేదు. కాజాలు కుట్టే చేతులు కూర ఎలా తరుగుతాయో చూడండి అనేది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్న సామెత ఎవరు పుట్టించారో గానీ వీళ్ల ఇల్లు చూసే పుట్టించి ఉంటారు. అలాంటి మనిషి ఇవాళ గుమ్మంలో చెప్పులు విడవకముందే "చెల్లీ" అంది.

"అబ్బాయికి రోజూ రెండు గుడ్లు పెట్టు. పాలు పడుకోబోయే ముందు. రక్తం బాగా పట్టాలి."

"అలాగే అక్కా."

బండబ్బాయి దర్జాగా కుర్చీలో కూర్చున్నాడు. "చూశావా, మా వదిన నన్ను కోడిపెట్టలా మేపుతోంది."

"మేపకపోతే? మా ఇంటి దీపం నీ చేతిలో ఉంది నాయనా," అంది పెద్దకోడలు. అంటున్నప్పుడే గొంతు వణికింది. భయం ఆమెకూ ఉంది. అది చూసి చిన్నకోడలికి కొంచెం దగ్గరితనం అనిపించింది కూడా.

పాలపొడి డబ్బా అటక మీద పెట్టమని భార్య అందిస్తే అతను స్టూలెక్కి పెట్టి దిగాడు. దిగి, ఛాతీ పట్టుకున్నాడు. చిన్నగానే. ఎవరూ చూడరనుకున్నాడేమో గోడవైపు తిరిగాడు. పెద్దకోడలు చూసింది. ఆమె కళ్లు అతని చేతి మీద పడ్డాయి, అక్కడే ఆగాయి. పెదాలు తెరుచుకున్నాయి. తర్వాత, ఎవరూ ఏమీ అడక్కుండానే, గబగబా అంది: "గ్యాసే అది. గ్యాసే. కాస్త సోడా తాగు అబ్బాయ్."

అంత తొందరగా ఎందుకందో ఆమెకీ తెలుసు. చిన్నకోడలికీ తెలిసింది. ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు.

మర్నాడు కొట్లో కాజాలన్నీ తప్పు పోయాయి. మగవాళ్ల చొక్కాకి కుడిపట్టీ మీద కాజాలు కోసేసింది. టైలరు మాస్టారు చొక్కా ఎత్తి పట్టుకుని, "ఏమ్మా, ఇది ఆయన తొడుక్కోవాలా, వాళ్లావిడా?" అన్నాడు. ఆమె క్షమించమని కూడా అనలేదు. సూది చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. ఇవాళ బుధవారం. రేపు పొద్దున పెద్ద మందు. ఇల్లు పడగొట్టేస్తారు. ఆ తర్వాత నోరు తెరిస్తే బావగారు పోతారు. తెరవకపోతే సూదులు వేస్తారు, మిషన్ పక్కన పడుకోబెడతారు, రక్తం మొత్తం బయటికి తీసి తిప్పుతారు. ఆ తిప్పుడులో గ్యాస్ వస్తే? రెండు చేతులూ కట్టేసి ఉంటాయి. ఛాతీ రుద్దుకోవడానికి కూడా చెయ్యి ఉండదు.

మాస్టారు ఏదో అంటుండగానే లేచి చెప్పులేసుకుంది.

బరువులు ఎత్తొద్దని నర్సు చెప్పింది. అతను వింటేగా! పాత మేడల వీధిలో బండి నిలబెట్టి ఉంది. బండి మీద ఒక సిలిండర్ తక్కువుంది. ఏ మేడో అడిగి కనుక్కుని మెట్లెక్కింది. మూడో అంతస్తు మెట్ల మీద అతను కూర్చుని ఉన్నాడు, సిలిండర్‌ని రెండు చేతులతో వాటేసుకుని, నుదురు దానికి ఆన్చి. ఇనుము చల్లగా ఉంటుందని కాబోలు. దగ్గరికి వెళ్తే దవడ కూడా పట్టుకున్నాడు. మొహం తడిసిన సున్నంలా ఉంది.

"ఏవండీ! ఏవండీ!"

అతను కళ్లు తెరిచి ఆమెని చూసి, "గ్యా..." అన్నాడు. మాట పూర్తి చెయ్యలేకపోయాడు.

ఆమె పమిటతో అతని మొహం తుడిచింది, చొక్కా గుండీలు విప్పింది, ఎవరింట్లోంచో నీళ్లు తెచ్చింది. తగ్గాక చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టే దింపింది. ఆసుపత్రికి పోదామంటే, కూర్చున్నచోటే పోట్లాడాడు. రేపు ఒక్కరోజు గడవనీ అన్నాడు. ఇంట్లో మంచం మీద పడుకోబెట్టి, పక్కింటామెని కూర్చోబెట్టి, "ఎటూ కదలనివ్వకండి, ఇప్పుడే వస్తా" అని బయటపడింది. ఎక్కడికని అతను అడగలేదు. నిద్రపట్టేసింది.

దాతల నర్సు ఆ పూట బావగారి అంతస్తులోనే ఉందన్నారు, వరండా చివరి గదిలో. ఆ వరండా మధ్యలో బల్ల మీద పెద్దకోడలు కూర్చుని ఉంది. ఆమెని దాటకుండా పోయే దారి లేదు.

"ఇప్పుడొచ్చావేం చెల్లీ? అబ్బాయి ఏడీ?"

"పడుకున్నారు. నర్సమ్మతో మాట్లాడాలక్కా."

"ఏం మాట్లాడాలి?"

"ఆయన గ్యాస్ గురించి."

పెద్దకోడలు లేవలేదు. చెయ్యి మాత్రం చాచి ఆమె మణికట్టు పట్టుకుంది. పట్టు గట్టిగా ఉంది. "కూర్చో."

"అక్కా, వదలండి."

"ఒక్క పూట ఆగు. ఒక్క పూటే. రేపు మందు మొదలయ్యాక నీ ఇష్టం, ఎవరితో ఏం చెప్పుకుంటావో చెప్పుకో."

మందు మొదలయ్యాక! మొదలయ్యాక చెప్పినా ఎవరూ వెనక్కి పోలేరు. అప్పుడు గ్యాసైనా ఇంకేదైనా ఆ మనిషిని పడుకోబెట్టి తీసుకోవాల్సిందే. అది తెలిసే అడుగుతోంది.

"మీరూ చూశారక్కా. నిన్న స్టూలు దిగినప్పుడు."

"ఏం చూశాను? గ్యాసే అది!"

"గ్యాసైతే మీ చెయ్యెందుకు వణుకుతోంది?"

పెద్దకోడలు చెయ్యి వదిలేసింది. వదిలేసి, ఏడవకుండా, గొంతు పెంచకుండా, ఒక్కో మాటే అంది. "నీ మొగుడు నీకుంటాడు. నాకు? సగం కలిసిన పిల్లది పెట్టి, అతకకపోతే? విను. ఆయనకి ఏదన్నా అయితే మా ఆయన్ని చంపింది నా తోడికోడలే అంటాను. కర్మ రోజునా అంటాను, కూతురి పెళ్లిలోనూ అంటాను. నేను బతికున్నన్నాళ్లూ అంటాను."

అంటుంది. తప్పకుండా అంటుంది. చిన్నకోడలికి ఆ సంగతి బాగా తెలుసు. గోడ పట్టుకుని నడిచింది. వెనకనుంచి ఇంకో మాట వస్తుందేమోనని వీపు బిగించుకుంది గానీ రాలేదు.

గదిలోకి వెళ్లాక మాటలు కరువయ్యాయి. అన్నీ కూడబలుక్కుని వచ్చింది. నర్సు తలెత్తి చూడగానే నోట్లోంచి వచ్చింది ఒక్కటే: "గ్యాస్ అండీ. మా ఆయనకి."

నర్సు నవ్వింది. "గ్యాస్ ఎవరికి లేదమ్మా. నాకూ ఉంది. అల్లం వెయ్యి కూరల్లో."

అయిపోయింది. చెప్పేశాను కదా, ఇంక నా తప్పేం లేదు, లేచి వెళ్లిపోవచ్చు. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందో! తలుపు వైపు తిరిగింది కూడా. తిరిగి, ఆగి, తలుపుతోనే చెప్తున్నట్టు అంది: "మెట్లెక్కితే వస్తుందండీ."

నర్సు చేతిలో పెన్ను కదలడం మానేసింది. "ఏమన్నావ్?"

"మెట్లెక్కితే వస్తుంది. బండ ఎత్తితే వస్తుంది. కూర్చుంటే పోతుంది. ఇవాళ దవడ కూడా లాగింది. చెమటలు. మేమంతా గ్యాస్ అనే అంటామండీ. మీరు నొప్పి అని అడిగారు కదా, అందుకని ఆయన లేదన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదండీ."

నర్సు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఫోనెత్తింది. "మూడో నంబరు గదా? రేపటి మందు ఆపండి. అవును, ఆపండి. దాత విషయం తేలేవరకూ ఒక్క చుక్క వెళ్లకూడదు." ఫోను పెట్టేసి, "ఆయన్ని ఇప్పుడే తీసుకురావాలి. నడిపించకుండా. బండి నేను పంపిస్తాను," అంది. తర్వాత కొంచెం మెత్తగా, "ఎవరు చెప్పారో మేం ఎవరికీ చెప్పం," అంది.

ఆ మాట విని ఆమె ఏడ్చింది. వీళ్లు చెప్పకపోతే ఏం, చెప్పేవాళ్లు వరండాలోనే కూర్చున్నారు.

తర్వాత అన్నీ వేగంగా జరిగిపోయాయి. గుండె నాళాల్లో రెండుచోట్ల పూడుకుపోయిందని, స్టెంట్లు వేశారు. వేసిన డాక్టరు కుర్రవాడు, చేతులు కడుక్కుంటూ, "ఆ సూదులేసి, మిషన్ మీద పడుకోబెట్టి ఉంటే..." అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి మిగతాది మింగేశాడు. ఆ మిగతాది ఆమెకి రోజూ కలలోకి వచ్చింది.

బండబ్బాయి కళ్లు తెరిచిన వెంటనే అడిగింది ఒంటి గురించి కాదు. "ఎవరు చెప్పారు?"

ఆమె దుప్పటి సర్దింది. "పడుకోండి."

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంటికొచ్చాకా అలాగే. పెట్టింది తింటాడు, మందులు వేసుకుంటాడు, భార్యతో మాట్లాడడు. నేనే అని చెప్పాలని ఆమె రోజూ అనుకునేది, రోజూ నోరు రాకపోయేది. పెద్దకోడలు సరేసరి, ఎదురుపడితే పక్క గోడని చూసేది. బావగారికి జ్వరం మొదలైంది. ఆలస్యం మంచిది కాదని ఆయన డాక్టరు తేల్చేశాడు. ఆయన కూతురికే సూదులు వేశారు. ఆయనకి పెద్ద మందు ఎక్కించారు. ఇల్లు పడగొట్టేశారు. ఇంక వెనక్కి పోవడానికి లేదు.

మిషన్ రోజున కబురు పెట్టింది ఆ పిల్లే. "అమ్మ నాన్న దగ్గర ఉండాలి. నిన్ను రమ్మంది పిన్నీ."

"అమ్మే రమ్మందా?"

"అవును. పిన్నినే రమ్మను అంది."

చల్లటి గది. అమ్మాయిని పడకకుర్చీలో పడుకోబెట్టి, రెండు చేతులకీ సూదులు గుచ్చి, ప్లాస్టరు వేసి కదలొద్దన్నారు. పక్కన బీరువా అంత మిషన్, లోపల ఏదో గుండ్రంగా తిరుగుతోంది. ఎర్రటి గొట్టాలు వెళ్తున్నాయి, వస్తున్నాయి. పైన వేలాడదీసిన సంచిలోకి పల్చటి టమాటా రసంలాంటిది కొంచెం కొంచెంగా దిగుతోంది.

"ఎముకలన్నీ మూలుగుతున్నాయి పిన్నీ," అంది అమ్మాయి. సూదుల నొప్పులు ఇంకా తగ్గలేదు.

"మూలుగ కదా మరి, మూలగకేం చేస్తుంది," అంది చిన్నకోడలు. అమ్మాయి నవ్వింది. నవ్వితే సూది కదులుతుందని ఇద్దరూ హడలిపోయి నవ్వు ఆపుకున్నారు.

ముక్కు గోకింది. గొట్టంతో నీళ్లు తాగించింది. జుట్టు కళ్లమీద పడితే వెనక్కి నెట్టింది. కొంతసేపయ్యాక అమ్మాయి నాలుకతో పెదాలు తడుపుకోవడం మొదలుపెట్టింది. మళ్లీ మళ్లీ.

"ఏమైంది?"

"ఏం లేదు పిన్నీ."

"ఏం లేకపోతే పెదాలెందుకు నాకుతున్నావ్?"

"ఏదో చీమలు పాకుతున్నట్టుంది. వేళ్లల్లోనూ. ఏం కాదులే. చెప్పకు పిన్నీ, ఆపేస్తారు. నాన్నకి చాలకపోతే?"

చిన్నకోడలు అప్పటికే లేచి నిలబడింది. "సిస్టర్! సిస్టరమ్మా!" గది అంతా వినిపించేలా పిలిచింది. గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. మిషన్ నడిపే సిస్టరు పరుగెత్తుకొచ్చింది. పెదాలు చూసి, వేళ్లు చూసి, మిషన్ వేగం తగ్గించి, సెలైన్లోకి కాల్షియం ఎక్కించింది. "రక్తం గడ్డకట్టకుండా వేసే మందు వల్లేనండీ. చెప్పారు కాబట్టి సరిపోయింది. చెప్పకపోతే చేతులు కొంకర్లు పోయేవి." మిషన్ ఆగలేదు. కాసేపటికి చీమలు పోయాయంది అమ్మాయి. కొంచెం సిగ్గుపడింది కూడా. చిన్నకోడలు మాత్రం ఆ పెదాల మీంచి చూపు తిప్పలేదు.

సాయంత్రానికి సంచి నిండింది. లెక్క సరిపోయిందన్నారు. అమ్మాయికి కట్లు కట్టి పడుకోబెట్టాక చిన్నకోడలు పైకి వెళ్లింది.

వరండాలో బల్ల మీద బండబ్బాయి కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. చొక్కా వదులైపోయింది. అవతలి చివర పెద్దకోడలు. సంచి తగిలించేవరకూ ఆమెని గదిలోంచి బయటికి పంపేశారు. చిన్నకోడలు కూర్చోలేదు. గోడకి ఆనుకుని నిలబడింది. దాతల నర్సు ఆ సంచి పెట్టిన డబ్బాని రెండు చేతులా పట్టుకుని వాళ్ల ముందునుంచి నడిచి వెళ్లింది. ఆ డబ్బా వెళ్తుంటే బండబ్బాయి లేచి నిలబడ్డాడు. తలుపు మూసుకున్నాకా నిలబడే ఉన్నాడు.

"అది నాది కావలసింది," అన్నాడు. "పూర్తిగా కలిసింది నాది." తర్వాత భార్యవైపు తిరిగాడు. ఇన్నాళ్ల తర్వాత మొదటి మాట. "నా మీద ఒట్టు పెట్టినా ఆగలేదు కదూ?"

ఆమె నోరు తెరిచేలోపు బల్ల అవతలి చివరనుంచి వినిపించింది. "దాన్ననకు అబ్బాయ్. చెప్పింది నేను."

బండబ్బాయి వదినగారివైపు చూశాడు. చిన్నకోడలూ చూసింది. పెద్దకోడలు ఎవరివైపూ చూడటం లేదు, మూసిన తలుపునే చూస్తోంది.

"నువ్వా వదినా? నువ్వెందుకు చెప్తావు?"

"స్టూలు దిగినప్పుడు చూశాను. తెలిసిపోయింది. గ్యాస్ అన్నాను గానీ తెలిసే అన్నాను. తర్వాత ఉండబట్టలేక చెప్పేశాను. ఆ ఒట్టు నీ పెళ్లానికి గదా, నాకు కాదు. ఇంక దాని జోలికి వెళ్లకు."

ఎంత తేలికైపోయిందో చిన్నకోడలికి! ఎవరో భుజం మీంచి బరువు దించినట్టయింది. మొగుడు మాట్లాడతాడు. ఇంట్లో అన్నం సహిస్తుంది. ఇంక తల ఊపేస్తే చాలు. తలుపు అవతల ఏదో మిషన్ కూత పెట్టింది, ఆగింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. ఎవరో లోపల మాట్లాడుతున్నారు, మామూలు గొంతుతోనే. మళ్లీ ఊపిరి తీసుకున్నారు.

"కాదు," అంది చిన్నకోడలు. "అక్క చెప్పలేదు. నేనే చెప్పాను. మీ ఒట్టు తీసి గట్టున పెట్టి చెప్పాను."

పెద్దకోడలు ఇటు తిరిగింది. "ఎందుకే? నేను పడతానన్నాగా!"

బండబ్బాయి మొహం చిన్నపిల్లాడిలా నలిగిపోయింది. కోపం వస్తుందనుకుంది ఆమె. రాలేదు. వచ్చింది భయమే. అతను కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని, తలుపునే చూస్తూ అడిగాడు. "సగమేనే అది. అతకకపోతే? అన్నయ్యకి ఏదన్నా అయితే?"

చిన్నకోడలు గోడ వదిలి వచ్చి వాళ్లిద్దరి ముందూ నిలబడింది.

"అయితే అప్పుడు కూడా నేనే చెప్పానని చెప్పండి," అంది. మొగుడితో అని, పెద్దకోడలి వైపు తిరిగి మళ్లీ అంది. "మీరూ చెప్పండక్కా. ఎక్కడ చెప్పాలనుకుంటే అక్కడ చెప్పండి. నేను కాదనను."

పెద్దకోడలు ఆమెనే చూసింది. తర్వాత చీర కుచ్చిళ్లు లాక్కుని, బల్ల మీద కొంచెం జరిగి చోటిచ్చింది.